రైల్లో 55 నిమిషాలు: చేతిలో ఏ కన్సోల్ ఉండాలి?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు పంపిన ఉత్తరం ఇది. ఆమెకు 38 ఏళ్లు, లెక్కల విభాగంలో ఉద్యోగం. ఇంటి నుంచి ఆఫీసుకు వెళ్లాలంటే 20 నిమిషాలు బస్సు, తర్వాత 55 నిమిషాలు రైలు, ఆపైన కొంత నడక. ఉదయం రైలు బయలుదేరే స్టేషన్‌లోనే ఎక్కుతారు కాబట్టి సీటు దొరుకుతుంది. సాయంత్రం మాత్రం సగం దూరం నిలబడాల్సిందే. ఇంట్లో చిన్నపిల్లలు ఇద్దరు. "రోజు మొత్తంలో నన్ను ఎవరూ ఏదీ అడగని సమయం ఆ రైలు ప్రయాణం ఒక్కటే" అని రాశారు. ఆ సమయం ఇన్నాళ్లూ ఫోను చూడటంలో గడిచిపోయిందట. దిగేసరికి ఏం చూశారో గుర్తుండదు, తల మాత్రం బరువుగా ఉంటుంది.

చిన్నప్పుడు తమ్ముడితో పోటీపడి వీడియో గేములు ఆడేవారు. మళ్లీ ఆడాలనిపించి, చేతిలో పట్టుకుని ఆడే కన్సోల్ ఒకటి కొనుక్కుందామనుకున్నారు. కంప్యూటర్ ఆటలు నడిపే పెద్ద కన్సోల్ తమ్ముడి దగ్గర ఉంటే, ఒక వారం వాడి చూడమని ఇచ్చాడు. మూడో రోజుకే మణికట్లు లాగాయి. బస్సులో తీస్తే కడుపులో తిప్పింది. ఒక సాయంత్రం ఆట మంచి పట్టులో ఉండగా స్టేషన్ వచ్చేసింది. గబగబా సంచిలో పెట్టుకుని దిగారు, ఇంటికి వచ్చి చూస్తే కన్సోల్ వేడిగా ఉంది, ఛార్జింగ్ పూర్తిగా అయిపోయింది. "కొంటే శక్తిమంతమైనదే కొనక్కా" అంటాడు తమ్ముడు. "ఫోను ఉండగా ఇంకొకటి ఎందుకు" అంటారు భర్త. వీటన్నిటికీ తోడు, ఎదుటి సీట్లోని ఒక విద్యార్థిని తనను చూసి నవ్వింది. ఆ రోజు నుంచి కన్సోల్ బయటికి తీయడానికే మొహమాటంగా ఉందట. ఏది కొనాలి, బ్యాటరీ సరిపోతుందా, ఈ వయసులో ఇది తగునా అని అడుగుతున్నారు.

జవాబు:

చాలామంది ముందు కొనేసి తర్వాత తెలుసుకునే విషయాలను మీరు అరువు తెచ్చుకున్న కన్సోల్‌తో వారంలోనే తెలుసుకున్నారు. మణికట్టు నొప్పి, బస్సులో వికారం, సంచిలో అయిపోయిన బ్యాటరీ మీకు మూడు చేదు అనుభవాల్లా కనిపిస్తున్నాయి. నాకు మాత్రం మీరు కొనాల్సిన వస్తువు కొలతలు వాటిలోనే కనిపిస్తున్నాయి. నేనూ ఏళ్ల తరబడి ఇలాగే రైల్లో తిరిగాను. మొదటిసారి తెర ఎంత పెద్దది, లోపలి చిప్పు ఎంత వేగం అని మాత్రమే చూసి కొన్నాను. నా ప్రయాణం ఎలాంటిదో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ కన్సోల్ ఎక్కువ కాలం ఇంట్లోనే ఉండిపోయింది. అందుకే మీతో ముందుగా యంత్రాల గురించి కాకుండా ప్రయాణం గురించి మాట్లాడతాను.

మీ ప్రయాణం ఒక వైపు 75 నిమిషాలు, నిజమే. కానీ ఆడుకోగలిగే సమయం అంత లేదు. బస్సును తీసేయండి, కారణం తర్వాత చెబుతాను. ఉదయం రైల్లో 55 నిమిషాలు పూర్తిగా మీవి. సాయంత్రం సీటు దొరికాక మిగిలేది ఇంచుమించు 25 నిమిషాలు. అంటే రోజుకు 80 నిమిషాలు, ఐదు రోజులకు 400 నిమిషాలు. ముప్పై గంటలు పట్టే ఒక ఆటను మీరు నాలుగున్నర వారాల్లో పూర్తిచేస్తారు. తక్కువేమీ కాదు.

ఈ లెక్క చూస్తే మీ బ్యాటరీ భయం చాలావరకు తీరిపోతుంది. కంప్యూటర్ ఆటలు నడిపే స్టీమ్ డెక్ అనే చేతి కన్సోల్ మొదటి నమూనాకు తయారీదారు చెప్పే వ్యవధి ఆటను బట్టి 2 నుంచి 8 గంటలు. 2023 చివర్లో వచ్చిన ఓలెడ్ తెర (ప్రతి చుక్కా తానే వెలిగే రకం) నమూనాకు 3 నుంచి 12. నింటెండో సంస్థ చిన్న కన్సోల్ స్విచ్ లైట్‌కు 3 నుంచి 7. అదే సంస్థ నుంచి 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2కు 2 నుంచి 6.5. ఇలాంటి అంకెల్లో పెద్దదాన్ని నమ్ముకోకూడదు, చిన్నదాన్నే చూసుకోవాలి. కనీసం రెండు గంటలు వచ్చేది ఏదైనా మీ 80 నిమిషాలకు చాలు, రాత్రి ఛార్జింగ్ పెట్టడం మరిచిపోకపోతే. మూడు గంటలు వచ్చేదయితే ఒక రాత్రి మరిచిపోయినా మర్నాడు గడిచిపోతుంది. ఇద్దరు పిల్లల తల్లికి ఆ ఒక్క రాత్రి వెసులుబాటు నిజంగా అవసరమని నా అభిప్రాయం.

బరువు సంగతి అలా కాదు. అది కాగితం మీద చిన్న అంకె, చేతిలో పెద్ద సమస్య. స్విచ్ లైట్ 275 గ్రాములు. ఓలెడ్ తెర ఉన్న స్విచ్, పక్క కంట్రోలర్లతో కలిపి 420. స్విచ్ 2 అలాగే కలిపితే 534. స్టీమ్ డెక్ ఓలెడ్ 640, లెనోవో లీజియన్ గో 854. ఇంట్లో సోఫాలో మోకాళ్ల మీద ఆనించుకుని ఆడేటప్పుడు ఈ తేడా తెలియదు. రైల్లో మోచేతులు ఒళ్లోకి లాక్కుని, సంచి ఒడిలో పెట్టుకుని కూర్చుంటాం. పక్కవాళ్లకు తగలకూడదని భుజాలు ముడుచుకుంటాం. అప్పుడు ఆ బరువంతా రెండు మణికట్ల మీదే పడుతుంది. రైలు కుదిపినప్పుడల్లా జారిపోతుందేమోనని వేళ్లు ఇంకా బిగుసుకుంటాయి. మీకు నొప్పి వచ్చింది కన్సోల్‌ను మోసినందువల్ల మాత్రమే కాదు, 55 నిమిషాలు పిడికిలి సడలించకుండా పట్టుకున్నందువల్ల కూడా. ఒక పరీక్ష చేసి చూడండి. ఈసారి సంచిని ఒడిలో నిలువుగా పెట్టుకుని, దాని మీద కన్సోల్ కింది అంచు ఆనించి ఆడండి. అప్పుడు నొప్పి రాకపోతే పెద్ద కన్సోల్ మీకు పూర్తిగా పనికిరాదని చెప్పలేం. అప్పటికీ లాగితే మాత్రం 450 గ్రాములు దాటినదేదీ చూడకండి, తమ్ముడు ఎంత పొగిడినా సరే.

ఇక మధ్యలో ఆపడం. రోజూ ప్రయాణించే మనిషికి అన్నిటికంటే ముఖ్యమైన గుణం ఇదే. పెట్టె మీద మాత్రం ఎక్కడా రాయరు. స్టేషన్ వచ్చినప్పుడు ఒక్క బటన్ నొక్కితే ఆట ఉన్నచోటే నిద్రపోవాలి, మర్నాడు నొక్కితే అక్కడి నుంచే లేవాలి. స్విచ్ కుటుంబం ఈ పని చక్కగా చేస్తుంది. స్టీమ్ డెక్‌లోని సొంత వ్యవస్థ స్టీమ్ ఓఎస్ కూడా సాధారణంగా బాగానే చేస్తుంది. విండోస్ మీద నడిచే చేతి కన్సోళ్లలో ఈ నిద్ర అంత నమ్మకమైనది కాదు. నిద్రపోయినట్టే కనిపించి సంచిలో మళ్లీ లేచి, ఫ్యాను తిరుగుతూ, వేడెక్కుతూ బ్యాటరీని తాగేస్తుంది. మీకు జరిగింది ఇలాంటిదే అయ్యుండవచ్చు, హడావిడిలో బటన్ సరిగా నొక్కకపోయి ఉండవచ్చు. తమ్ముడి కన్సోల్ ఏ వ్యవస్థ మీద నడుస్తుందో కనుక్కోండి. విండోస్ అయితే సంచిలో పెట్టే ముందు నిద్రపుచ్చకుండా పూర్తిగా ఆపేయడమే మేలు. దానికి దిగే ముందు మూడు నాలుగు నిమిషాలు కేటాయించాలి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

తమ్ముడు చెప్పినట్టు కంప్యూటర్ తరహా పెద్ద కన్సోల్ కొంటే ఆటలకు కొదవ ఉండదు. తగ్గింపు ధరల్లో తరచూ దొరుకుతాయి, రేపు కన్సోల్ మార్చినా కొన్న ఆటలు మీ ఖాతాలోనే ఉంటాయి. అయితే బరువు, ఫ్యాను చప్పుడు, నడుమ నడుమ సెట్టింగుల సవరింపు తప్పవు. మీ తమ్ముడికి ఆ సవరింపులే ఒక సరదా కావచ్చు. 55 నిమిషాల్లో పదిహేను వాటికే పోతే మీకు సరదా మిగలదు. అతని సలహా తప్పు కాదు, అది అతని జీవితానికి సరిపోయే సలహా.

చిన్న కన్సోల్ వైపు వెళితే 2019లో వచ్చిన స్విచ్ లైట్ మీ ప్రయాణానికి బాగా దగ్గరగా ఉంది. తేలిక, ఒళ్లో ఇమిడిపోతుంది, చప్పున నిద్రపోతుంది. దాని లోట్లు కూడా తెలుసుకుని కొనండి. దాన్ని టీవీకి కలపలేరు, కాబట్టి పిల్లలతో కలిసి పెద్ద తెర మీద ఆడే వీలు ఉండదు. ఆటలో పాత్రను కదిపే స్టిక్కులు ఒంటికే అతుక్కుని ఉంటాయి, ఒకటి పాడైతే మొత్తం యంత్రాన్ని మరమ్మతుకు పంపాలి. స్విచ్ 2 కోసమే తయారైన కొత్త ఆటలు దానిలో నడవవు. మరొకటి, తెర 5.5 అంగుళాలే. టీవీ కోసం రాసిన ఆటల్లో అక్షరాలు అందులో చీమల్లా కనిపిస్తాయి. మీరు అద్దాలు పెట్టుకుంటారా అన్నది ఉత్తరంలో రాయలేదు. పెట్టుకుంటే 7 అంగుళాల ఓలెడ్ స్విచ్‌ను కూడా చేతిలో పట్టుకుని చూడండి. బరువు 145 గ్రాములు ఎక్కువ, కాని కంటికి సుఖం, టీవీకీ కలుస్తుంది. వారాంతంలో పిల్లలతో ఆడాలన్న కోరిక ఉంటే నేను దానివైపే మొగ్గుతాను. స్టీమ్ డెక్ విషయంలో ఒక సదుపాయం ఉంది. దానికి తగినవని ఆటలకు ఇచ్చే ధ్రువీకరణలో, అక్షరాలు చదివేలా ఉన్నాయా అన్నదీ ఒక పరీక్ష.

స్విచ్ 2 ఆ పెద్ద కన్సోళ్లకూ ఈ చిన్నవాటికీ మధ్య నిలుస్తుంది. తెర 7.9 అంగుళాలు, శక్తి బాగా ఎక్కువ, పాత స్విచ్ ఆటలు దాదాపు అన్నీ నడుస్తాయి. పదేళ్లు వాడాలనే ఉద్దేశం ఉంటే అర్థవంతమైన ఎంపికే. అయితే మీ మణికట్లను అడిగి నిర్ణయించండి. అరకిలో దాటిందన్న సంగతి మరవకండి.

ఒకటి మాత్రం గట్టిగా వద్దంటాను. ఇంట్లోని కన్సోల్ నుంచి గానీ ఇంటర్‌నెట్ నుంచి గానీ ఆటను ప్రసారంగా తెచ్చుకుని చూపించే ప్లేస్టేషన్ పోర్టల్ వంటివి రైలుకు పనికిరావు. ఆట ఆ యంత్రంలో నడవదు, దూరం నుంచి వస్తుంది. సొరంగం వస్తే ఆగిపోతుంది, సిగ్నల్ తగ్గితే బొమ్మ చెదిరిపోతుంది. ఇంట్లో మంచం మీద ఆడుకోవడానికి అది మంచి వస్తువే కావచ్చు. మీకు కావలసింది అది కాదు.

మీవారి మాటను మీరు కొంచెం విసుగ్గా రాశారు. అందులోనూ పస ఉంది. వంతులవారీగా సాగే ఆటలు, కార్డులతో ఆడే ఆటలు ఫోనులో చక్కగా సాగుతాయి. బలాత్రో, స్లే ద స్పైర్, స్టార్‌డ్యూ వ్యాలీ వంటి మంచి ఆటలు కన్సోళ్లలోనూ ఉన్నాయి, ఫోన్లలోనూ ఉన్నాయి. సాయంత్రం ఒక చేత్తో కడ్డీ పట్టుకుని నిలబడ్డప్పుడు రెండో చేత్తో ఆడగలిగేది ఫోనులోనే. కొనే ముందు రెండు వారాలు అలా ప్రయత్నిస్తే పోయేదేమీ లేదు. కాని ఒక్క విషయం మీవారికి చెప్పండి. ఫోను చేతిలో ఉన్నంతసేపూ అది మిమ్మల్ని పిలుస్తూనే ఉంటుంది. ఆఫీసు సందేశం, పిల్లల స్కూలు సందేశం, ఎవరో పంపిన వీడియో, ఏదో ఒకటి తెర పైఅంచు నుంచి జారుతుంది. మీరు ఉత్తరంలో కోరుకున్నది "నన్ను ఎవరూ ఏదీ అడగని సమయం". ఆ కోరికకు విడిగా ఒక వస్తువు ఉండటం దుబారా అని నేను అనుకోను. పైగా ఆట కోసం ఫోను బ్యాటరీ ఖర్చు చేసుకుంటే రాత్రి ఆలస్యమైన రోజున ఇంటికి ఫోను చేయడానికి ఇబ్బంది. ఈ మాట ఆయనకు తప్పకుండా అర్థమవుతుంది.

బస్సు సంగతి. మన చెవి లోపలి భాగం శరీరం కదలికను పసిగడుతుంది. బస్సు మలుపు తిరిగిందని, బ్రేకు వేసిందని అది చెబుతూ ఉంటుంది. చేతిలోని తెరకు అతుక్కున్న కళ్లేమో ఆ కదలిక ఏదీ చూడవు. రెండు కబుర్లూ పొసగక వికారం పుడుతుంది. రైలు పట్టాల మీద మెల్లగా తిరుగుతుంది కాబట్టి ఈ గొడవ చాలామందికి తక్కువ. అందుకే బస్సులో కన్సోల్ తీయకండి, కిటికీలోంచి దూరంగా చూడండి, కావాలంటే పాటలు వినండి. రైల్లో కూడా బండి వెళ్లే దిక్కుకు ముఖం పెట్టి కూర్చోండి. ముందే వికారం పడే మనిషి, కెమెరా గిర్రున తిరిగే మూడు కొలతల ఆటలతో మొదలుపెట్టకూడదు. వంతుల ఆటలైతే ప్రతి ఎత్తు తర్వాత తలెత్తి బయటికి చూసే తీరిక ఉంటుంది.

ఆట ఎంపికలో ఇంకొకటి చూసుకోవాలి. ఎంతసేపటికి ఒక ముక్క పూర్తవుతుంది అన్నది. పల్లెలో వ్యవసాయం చేసే ఆట స్టార్‌డ్యూ వ్యాలీలో, ఆటలోని ఒక రోజు గడవడానికి సుమారు 14 నిమిషాలు పడుతుంది, కన్సోళ్లలో ఆ రోజు ముగిసి పాత్ర పడుకున్నప్పుడే ఆట భద్రమవుతుంది. మీ ఉదయానికి అలాంటి రోజులు మూడు హాయిగా పడతాయి. సాయంత్రం 25 నిమిషాల్లో ఒకటి. ఇలా ముక్కలుగా తెగే ఆట మీ ప్రయాణానికి కుదురుతుంది. గంటన్నర సాగే పోరాటం మధ్యలో ఆగితే మనసంతా ఆఫీసులో దాని మీదే ఉంటుంది. ఏ ఆటనైనా రైలుకు తీసుకెళ్లే ముందు రాత్రి, కన్సోల్‌లో ఇంటర్‌నెట్ ఆపేసి ఒకసారి తెరిచి చూడండి. కొన్ని ఆటలు నెట్ లేకపోతే తెరుచుకోవు. అది తెలియాల్సింది ఇంట్లో, సొరంగంలో కాదు.

ఇక మీరు చివర్లో, చిన్న అక్షరాలతో రాసిన ప్రశ్న. ఈ వయసులో ఇది తగునా అని.

నింటెండో చేతి వీడియో గేము ఎలా పుట్టిందో చెబుతాను. జపాన్‌లో నింటెండో సంస్థలో గుంపే యోకోయ్ అనే ఇంజనీరు ఉండేవారు. ఆయన బుల్లెట్ రైల్లో వెళుతూ ఒక ఉద్యోగిని గమనించారు. ఆ మనిషి విసుగెత్తి చేతిలోని కాలిక్యులేటర్ బటన్లు నొక్కుతూ కాలక్షేపం చేస్తున్నాడు. ప్రయాణంలో పెద్దవాళ్లు ఎవరి కంటా పడకుండా ఆడుకునే చిన్న వస్తువు ఉంటే ఎలా ఉంటుందన్న ఆలోచన యోకోయ్‌కు అక్కడ వచ్చింది. 1980లో గేమ్ అండ్ వాచ్ అలా తయారైంది. అరచేతుల్లో దాగేంత చిన్నది, ఒడిలో పెట్టుకుని రెండు బొటనవేళ్లతో ఆడేది. అంటే ఈ వస్తువు మీలాంటి మనిషిని చూసి పుట్టింది. అలసిపోయి రైల్లో కూర్చున్న ఉద్యోగిని చూసి. పిల్లల చేతుల్లోకి తర్వాత వెళ్లింది.

ఆయనదే మరో పని కూడా మీ నిర్ణయానికి పనికొస్తుంది. 1989లో వచ్చిన నింటెండో చేతి కన్సోల్ గేమ్ బాయ్ తెరలో రంగులు లేవు, ఆకుపచ్చ ఛాయలే, వెనక దీపం కూడా లేదు. ఆ మరుసటి ఏడాదే పోటీగా వచ్చిన సెగా గేమ్ గేర్‌కు రంగుల తెర, లోపల దీపం ఉన్నాయి, కాని ఆరు బ్యాటరీలు మూడు నాలుగు గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో అంతకు ఎన్నో రెట్లు ఎక్కువసేపు నడిచేది. తర్వాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌తో కలిపి అది 11.8 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. తమ్ముడు మళ్లీ శక్తి గురించి మాట్లాడితే ఈ కథ చెప్పండి. అతనికీ నచ్చుతుంది.

ఆ విద్యార్థిని నవ్వు గురించి నాకు వేరే ఊహ ఉంది. ఆ అమ్మాయి దగ్గరా అలాంటిదే ఒకటి ఉండి ఉంటుంది. లేదా కొనుక్కోవాలని ఉండి ఉంటుంది. మీరు ఆ నవ్వును ఎగతాళిగా తీసుకున్నారు. ఏదో ఒక ఉదయం మీరే ముందు పలకరించి చూడండి.

నా మొగ్గు అడిగితే ఇదీ వరుస. ముందు రెండు వారాలు ఫోనులో ఒకే ఒక్క మంచి ఆట, సందేశాలు మూగబెట్టి. అప్పటికీ విడి వస్తువు కావాలనిపిస్తే, పిల్లలతో టీవీ మీద ఆడాలనుంటే ఓలెడ్ స్విచ్, పూర్తిగా మీ కోసమే అయితే స్విచ్ లైట్. ఒడిలో ఆనించి ఆడిన పరీక్షలో నొప్పి రాకుండా, తమ్ముడి దగ్గరున్న ఆటలే మీ మనసు లాగుతుంటే స్టీమ్ డెక్ ఓలెడ్ తప్పేమీ కాదు. వాడినది కొనాలనుకుంటే స్టిక్కులను వదిలేసి తెర మీద గురుతు తనంతట తాను కదులుతోందా చూడండి, ఛార్జింగ్ రంధ్రంలో తీగ వదులుగా ఊగుతోందా చూడండి, అరగంట ఆడి బ్యాటరీ ఎంత తగ్గిందో చూడండి. ఈ మూడూ చూడనివ్వని వారి దగ్గర కొనకండి.

ఇంకొక్క మాట. దిగాల్సిన స్టేషన్‌కు నాలుగు నిమిషాల ముందు ఫోను వణికేలా అలారం పెట్టుకుని జేబులో ఉంచుకోండి. హెడ్‌ఫోన్లు ఒక చెవికే పెట్టుకోండి. ఒక వానాకాలం సాయంత్రం నేను ఆటలో మునిగి రెండు స్టేషన్లు దాటిపోయాను. ఎదుటి ప్లాట్‌ఫారం మీద తిరుగు రైలు కోసం ముప్పావుగంట తడుస్తూ నిలబడ్డాను. ఆ రాత్రి ఇంట్లో నా కోసం ఎదురుచూసిన వారి ముఖం ఇప్పటికీ గుర్తుంది. అలారం అలవాటైంది ఆ మర్నాటి నుంచే.